రెండోసారి అడగని మాట

పార్లమెంటు సంఘం ఒకటి సమర్పించిన నివేదికలో నేను పలికిన వాక్యం అచ్చయింది. నా పేరు వేయలేదు. టీ అందించిన వాళ్ల పేర్లు వేయనట్టే అనువాదకుల పేర్లూ అలాంటి పుస్తకాల్లో వేయరు. అయినా ఆ వాక్యం నాది. ఇంగ్లీషులో దాని నడక నాది. దాన్ని ఎక్కడ ఆపాలో నిర్ణయించింది కూడా నేనే.

మాది కాటారం దాటాక అడవి అంచున ఉన్న ఊరు. మాది అంటే ఒకప్పుడు నిజంగానే మాది. చెరువు కింది పొలం, చెరువులో చేప, ఊరి దారి మీద నడిచే హక్కు, అన్నీ మా గడి నుంచే, దొరలుండే ఆ కోటలాంటి ఇంటి నుంచే, ఊళ్లోకి వెళ్లేవి. ఇప్పుడు అక్కడ మాకు కాలు మోపేంత నేల లేదు. నాకు పదిహేనేళ్లప్పుడు మా నాన్న గడికి తాళం వేసి మమ్మల్ని జనగామకు తీసుకొచ్చాడు. అడవిలో నక్సలైట్లు తిరుగుతున్న ఆ రోజుల్లో ఎందుకు తీసుకొచ్చాడో ఆ వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తాళం వేసిన ఆ తలుపును తర్వాత ఎవరో చీల్చి పొయ్యిలో పెట్టుకున్నారని విన్నాను. మంచి టేకు. బాగా మండి ఉంటుంది.

నేను మహబూబాబాద్‌లో ఒక జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. జనగామలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటాను. కుర్చీలో వెనక్కి వాలి కూర్చోను. గోడకు వీపు ఆనించడం పనివాళ్లు అలసిపోయినప్పుడు చేసే పని అని మాకు నేర్పారు. భూమి పోయింది, వీపు మిగిలింది.

మా తాత రోజూ పొద్దున గడి అరుగు మీద కూర్చునేవాడు. కష్టం వచ్చిన వాళ్లు వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్లు. మాట్లాడటానికి ఒక పద్ధతి ఉండేది. తాత "ఎట్లున్నవ్ రా?" అని అడిగేవాడు. మొదటి జవాబు ఎవరికైనా ఒకటే: "మీ నీడల మంచిగున్నం దొరా." ఎద్దు చచ్చినా అదే, ఇల్లు కాలినా అదే, ఇంట్లో శవం ఉన్నా అదే. అడగ్గానే కష్టం బయట పెడితే, నీ ఏలుబడిలో నేను బాగా లేనని దొర ముఖాన అన్నట్టు. అందుకని మొదట బాగున్నామనే అనాలి. తాత తమలపాకు నమిలి ఉమ్మి, రెండోసారి అడిగేవాడు: "ఊఁ, సంగతేంది?" అప్పుడు అసలు మాట బయటికి వచ్చేది.

ఎవరి మీదనైనా కోపం ఉంటే తాత తిట్టేవాడు కాదు. రెండోసారి అడిగేవాడు కాదు, అంతే. ఆ మనిషి ఎండ ముఖం మీదికి వచ్చేదాకా నిలబడి, తలగుడ్డ సర్దుకొని వెళ్లిపోయేవాడు.

ఒకసారి ఒకాయన ఎడ్లబండి అడగడానికి వచ్చాడు. కాన్పు కష్టమైన భార్యను మంథని దవాఖానకు తీసుకుపోవాలి. ఆ సంగతి వాకిలి ఊడ్చే ఆమె చెప్పగా అప్పటికే మా ఇంట్లో అందరికీ తెలుసు. తాతకూ తెలుసు.

"ఎట్లున్నవ్ రా?"

"మంచిగున్నం దొరా."

తాత ఆకు నమిలాడు. అది అయిపోయాక ఇంకో ఆకు తీసుకున్నాడు. ఆయన మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. బండి కొట్టంలోనే ఉంది. ఎడ్లు ఖాళీగా నెమరు వేస్తున్నాయి. ఆయన చేసిన తప్పేమిటో నాకు ఎవరూ చెప్పలేదు. అంత పెద్ద శిక్షను అంత తక్కువ శ్రమతో వేయవచ్చని మాత్రం ఆ రోజు అర్థమైంది.

ఇది చెప్పకుండా మిగతాది చెబితే నా వాక్యం సంగతి ఎవరికీ తెలియదు.

నా దగ్గర చదువుకున్న ఒకతను భూపాలపల్లిలో అధికారిగా ఉన్నాడు. కార్తీకంలో ఒక రోజు ఫోన్ చేశాడు.

"సార్, పార్లమెంటు కమిటీ వస్తున్నది. వాళ్లకు తెలుగు రాదు. మావోళ్ల ఇంగ్లీషు వాళ్లకు సమజ్ కాదు. మీరు వస్తే ఇజ్జత్ నిలబడ్తది."

"ఎవరి ఇజ్జత్?"

"అందరిది సార్. జీపు పంపిస్త."

జీపు పంపిస్తాననడం నాకు నచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వెళ్లాను.

దారిలో అతను విషయం చెప్పాడు. అడవి ఊళ్లలో వైద్యం ఎలా అందుతున్నదో చూసి నివేదిక రాయడానికి ఆ సంఘం వస్తున్నది. వారానికి రెండుసార్లు ఊళ్లకు మందుల బండి తిరుగుతున్నది. అది కాక కొన్ని ఊళ్లలో నర్సు అక్కడే గదిలో ఉంటున్నది. "నర్సులు సాల్తలేరు సార్. గా ఊళ్లల్ల ఉన్నోళ్లను మండలానికి తెచ్చుకుంటే మాకు అల్కగైతది. నేను అడిగితే ఊరోళ్లు ధర్నా చేస్తరు. కమిటీ ఒక్క ముక్క రాసిందనుకో, నోరు లేవది." తన పని తనకు తెలిసినవాడు. కళాశాలలో కూడా వెనక బెంచీలో కూర్చుని ముందు బెంచీవాడి జవాబు రాసేవాడు.

కాటారంలో మండల కార్యాలయం సమావేశపు గదిని అలంకరించారు. వేదిక మీద బల్లలకు తెల్ల గుడ్డలు, పళ్లేల్లో జీడిపప్పు, వరసగా నీళ్ల సీసాలు. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో ఊళ్ల నుంచి తెచ్చిన జనం. సంఘం వాళ్లు ఆలస్యంగా వస్తున్నారని తెలిసి నేను మొదటి వరసలో కూర్చున్నాను. నా వెనక కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. ముందుకు వంగి నా ముఖంలోకి చూసింది.

"నువ్వు పెద్దదొర మనుమడివే గద అన్నా?"

"ఔ."

"గా ముక్కు సూసి పట్టిన. మా అవ్వ మీ గడిల వాకిలి ఊడుస్తుండె. నేను గూడ ఎనకెనక పేడ ఎత్తుకుంట తిరిగిన." నవ్వింది. నిజంగా సంతోషపడింది. "అన్నా, జర గా నీళ్ల సీస ఇటందియ్యవా? పొద్దుగాలటి సంది గొంతు ఎండుకపోతుంది."

వేదిక అంచు బల్ల మీది సీసా నా చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. గోడ దగ్గర నిలబడ్డ ఇద్దరు గుమాస్తాలు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకడు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. నేను సీసా అందించాను. ఆమె ఒంటిచేత్తో తీసుకుని గటగటా తాగి, "సల్లగుండు అన్నా" అని దీవించింది.

ఆమె మాటలో ఎగతాళి లేదు. ఉంటే క్షమించేవాణ్ని. ఎగతాళి చేసేవాడు కనీసం మనల్ని ఎత్తులో ఉంచి రాయి వేస్తాడు. ఆమె నన్ను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

తర్వాత తను వచ్చిన పని చెప్పింది. "మా ఊరి నర్సమ్మను తీస్కపోతరంటన్నా. వద్దని చెప్పనీకె ఒచ్చిన. బండి ఒస్తది, కాదంటలేను. వాగు ఒస్తె ఏడికెల్లి ఒస్తది? నర్సమ్మ రాకముందు మా కోడలు మొదటి కాన్పుకు నొప్పులు పడుకుంట వాగొడ్డుకే ఉండిపాయె. పిల్ల దక్కలే. గిప్పుడు మళ్ల నెల తప్పింది. వానకాలంల దినాలు నిండుతయి. నర్సమ్మ ఉంటే నాకు రందిలేదు."

"వాళ్లకు చెప్పు."

"చెప్తనే. ఇంగిలీసుల నువ్వు జర గట్టిగ చెప్పాలె అన్నా. నీకు పున్నెముంటది."

సంఘం వచ్చింది. అధ్యక్షుడు ఎక్కడో ఉత్తరాది రాష్ట్రంవాడు, మెత్తటి మనిషి, ప్రతివాళ్లకూ నమస్కారం పెట్టాడు. మధ్యాహ్నం నది ఒడ్డున గుడి దర్శనం, అక్కడే భోజనం ఉన్నాయి కాబట్టి సభ్యులు గడియారాలు చూసుకుంటున్నారు. ముందు మాట్లాడిన ముగ్గురు అధికారి తెచ్చిన మనుషులు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. నేను ఇంగ్లీషు చేశాను. తర్వాత ఆమెను పిలిచారు.

ఆమె లేచింది. చెప్పులు కుర్చీ కిందే విడిచింది. కొంగు తల మీదికి లాక్కుంది. భుజాలు వంచి, చూపు నేల మీద పెట్టి, చేతులు జోడించుకుని మైకు దగ్గరికి నడిచింది. ఆ నడక నాకు తెలుసు. అది మా వాకిట్లో నడిచే నడక. వాళ్ల అవ్వ నుంచి నేర్చుకుని ఇన్నేళ్లు దాచుకున్న మర్యాద. నన్ను సీసా అందియ్యమన్న మనిషి, ఊరూ పేరూ తెలియని ఆ పెద్దమనిషికి మా ఇంటి మర్యాద మొత్తం తీసి ఇచ్చింది. ఆయనకు దాని విలువ కూడా తెలియదు. చిరునవ్వు నవ్వుతూ జీడిపప్పు తింటున్నాడు.

అధ్యక్షుడు అడిగాడు. నేను తెలుగు చేశాను: "మందుల బండి వస్తున్నదా, మీరు ఎట్లున్నరని అడుగుతున్నరు."

"ఒస్తున్నది సారూ. మీ దయ. మంచిగనే ఉన్నం."

అని ఆగింది.

ఆ గదిలో అంతమందిలో ఆ మాట పూర్తి కాలేదని తెలిసినవాళ్లం ఇద్దరమే. ఆమె, నేను. ఆమె మర్యాద ప్రకారం మొదటి జవాబు చెప్పి, రెండో ప్రశ్న కోసం నిలబడి ఉంది. నేను "సంగతేందమ్మా" అంటే చాలు. అధ్యక్షుణ్ని అడగమననక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నేను ఇంగ్లీషులో చెప్పాను. బండి క్రమంగా వస్తున్నదనీ, దాని సేవలతో గ్రామ మహిళలు సంతృప్తిగా ఉన్నారనీ. ఒక్క మనిషి మాటను గ్రామ మహిళల మాట చేసింది కూడా నేనే.

అధ్యక్షుడు ఇంకేమైనా ఉందా అని అడిగాడు. నన్ను అడిగాడు, ఆమెను కాదు.

"ఇంతే" అన్నాను.

ఆయన రాసుకుని ఆమెకు నమస్కారం పెట్టాడు. ఆమె ఆయన్ని చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఆయన్ని చూసింది. అప్పటికే ఇంకొకరిని పిలిచారు. ఆమె వెనక్కి వచ్చి కాలితో కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంది.

అప్పుడు నాకెలా అనిపించిందో దాచను. అరుగు మీద కూర్చున్నట్టు అనిపించింది. ఇన్నేళ్లుగా నిటారుగా మోసుకొచ్చిన ఈ వీపుకు ఆ రోజు ఒక పని దొరికింది.

బయట చెట్టు కింద ఆమె నాకోసం నిలబడి ఉంది.

"అన్నా, వాళ్లు మళ్ల అడగలే గద?"

"అడగలే."

"అడుగుతరని సూసిన. పెద్దోళ్లు, యాళ్ల లేకుండె కావచ్చు. రాసుకున్నరా మరి?"

"రాసుకున్నరు."

"ఏం రాసుకున్నరు?"

"నువ్వు చెప్పిందే."

"గంతే సాలు" అంది. సీసాలో మిగిలిన నీళ్లు తాగేసి, ఖాళీ సీసాను కొంగున చుట్టుకుంది. విత్తనాలు పోసుకోవడానికి పనికొస్తుందని తనకు తనే చెప్పుకుంటూ బస్సు ఆగే చోటికి వెళ్లింది.

ఎండలు మొదలయ్యేసరికి నివేదిక అచ్చయి వచ్చింది. జిల్లాకు సంబంధించిన అధ్యాయం తెలుగు చేసి పంపమని అధికారి కోరాడు. జనగామలో నా బల్ల దగ్గర కూర్చుని నా వాక్యాన్నే నేను తెలుగు చేశాను. "సంఘం సంతోషంతో గమనించింది" అని మొదలైంది. దాని కింద లావు అక్షరాల్లో సిఫారసు: బండి సేవలు సంతృప్తికరంగా ఉన్న ఊళ్ల నుంచి నివాస నర్సులను అవసరమున్న ఇతర చోట్లకు మార్చే విషయం పరిశీలించాలి.

ఆ పుస్తకంలో సిఫారసులు ఇంకా చాలా ఉన్నాయి. వాగుల మీద వంతెనలు కట్టాలి. డాక్టర్లను నియమించాలి. మండలానికో కాన్పుల వార్డు ఉండాలి. పార్లమెంటు ముందు పెట్టిన మాటలే అన్నీ, ఒకే కాగితం, ఒకే సిరా. వంతెన కట్టాలన్న మాటకు పరిశీలనలో ఉన్నదనే జవాబు వస్తుంది. ఆ జవాబు వచ్చాక ఇక ఎవరూ పరిశీలించరు. ఉన్నది తీసేయమన్న మాటకు మాత్రం అచ్చు ఆరకముందే కాళ్లు వస్తాయి.

ఆ రోజు కూడా ఆపగలిగేవాణ్ని. సంఘానికి ఉత్తరం రాయడానికి కావలసిన భాష ఆ జిల్లాల్లో అందరికన్నా నా దగ్గర ఎక్కువ ఉంది. నేను ఒక అచ్చుతప్పు దిద్ది, పేజీలు సర్ది పంపించాను.

వానలకు ముందే అధికారి ఫోన్ చేశాడు. "మీ సలువ సార్. నర్సును కాటారం తెచ్చినం. ఊరోళ్లు ఒచ్చిండ్రు గని, గిది పార్లమెంటు మాట, మీ ఆడోళ్లే మంచిగున్నమని చెప్పిండ్రు అని పుస్తకం సూపెట్టినం. సప్పుడు చెయ్యకుండ పోయిండ్రు."

సిఫారసు వచ్చాక దాని మీద ఏం చేశారో ప్రభుత్వం మళ్లీ సంఘానికి జవాబు చెప్పాలి. ఆ జవాబుకు కింది నుంచి కాగితాలు కావాలి. వానలు వెనకపట్టాక అధికారి మళ్లీ జీపు పంపాడు. నిరుడు మాట్లాడిన మనిషి దగ్గరే ఇంకో మాట తీసుకుంటే బాగుంటుందట. ఊరి దారిలో అతను గొంతు తగ్గించాడు.

"సార్, ఒక్క ముచ్చట. వానకాలంల వాళ్లింట్ల పానం పోయింది. గది మీరు తియ్యకుండ్రి."

"ఎవరిది?"

"కోడలిది. కాన్పుల."

"పిల్ల?"

"పిల్ల గూడ సార్. వాగు మూడొద్దులు దిగలే. బండి గీ ఒడ్డుకే ఆగింది. దానికి మనమేం జేస్తం, వాన గద."

వాగు వచ్చింది. చీలమండ లోతు నీళ్లున్నాయి. జీపు చక్రాలు సగం కూడా తడవలేదు. అవతల మా గడి ఉన్న చోట మొండిగోడ దగ్గర డ్రైవరు మర్యాద కోసం వేగం తగ్గించాడు. తగ్గించవద్దన్నాను.

ఆమె వాడలోకి మా ఇంటివాళ్లెవరూ ఎప్పుడూ కాలు పెట్టలేదు. నేనే మొదటివాణ్ని. ఆమె గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, చేటలో మక్క కంకులు ఒలుస్తోంది. చూరుకు ఆ నీళ్ల సీసా వేలాడుతోంది. అందులో చిక్కుడు గింజలు ఉన్నాయి. మమ్మల్ని చూసింది. లేవలేదు.

పక్కింటి ముసలామె కంగారుపడింది. "దొరొచ్చిండే! మంచం ఎయ్యరాదు?"

"మంచం మీద మక్కలెండుతున్నయి."

నేను వాకిట్లో నిలబడ్డాను. అధికారి కాగితం తీసి ఫైలు అట్ట మీద పెట్టుకున్నాడు.

"ఎట్లున్నవమ్మా?" అన్నాను.

"మంచిగనే ఉన్నం."

అధికారి రాయడం మొదలుపెట్టాడు. నేను అతని కలం మీద చేయి పెట్టి ఆపాను. నా జన్మలో మొదటిసారి రెండోసారి అడిగాను.

"సంగతేంది? చెప్పు."

ఆమె చేతిలోని కంకి చివరిదాకా ఒలిచింది. బెండును పక్కన పడేసింది. ఇంకో కంకి తీసుకుంది.

"చెప్పిన గద. మంచిగనే ఉన్నం. రాస్కో."

"మొత్తం చెప్పు. ఈసారి మొత్తం చెప్త వాళ్లకు."

"ఏం చెప్తవ్?" అప్పుడు తలెత్తి చూసింది. కళ్లలో తడి లేదు. "నేను చెప్పిందే గద చెప్తవ్."

ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అధికారి జీపు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఆమె ఒలుస్తూనే ఉంది. అన్నా అనలేదు, దొరా అనలేదు, పొమ్మనలేదు. ఇంటి నీడ నా కాళ్ల మీది నుంచి తప్పుకుని ఎండ ముఖం మీదికి వచ్చింది. జీపు హారన్ రెండుసార్లు మోగింది. తలగుడ్డ లేదు కాబట్టి చొక్కా కాలరు సర్దుకుని వెళ్లి కూర్చున్నాను.

వాగు దాటాక అధికారి కాగితం నా చేతికిచ్చాడు. "జర ఇంగ్లీషు చెయ్యండి సార్. నిరుటి మాటనే గద."

"వాగు సంగతి రాయాలె. ఇద్దరు పోయిన సంగతి రాయాలె" అన్నాను.

"ఆమె చెప్పలే గద సార్. చెప్పని మాట మనమెట్ల రాస్తం?"

ఆ నియమం నాదే. అతను నా దగ్గరే చదువుకున్నాడు.

జీపు కుదుపుల్లో వీపు నిటారుగా పెట్టుకుని రాశాను. నిరుటి వాక్యమే రాశాను. రాయడానికి ఆమె నాకు వేరే మాట ఇవ్వలేదు.